ఆరు ప్యాకెట్ల దేశీ చిక్కుడు కిట్: గింజలు మేలైనవి, చీటీ మాత్రం నమ్మొద్దు

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిక్కుడు విత్తనాల కిట్ గురించి రాస్తున్నాను. ధర 449 రూపాయలు, పోస్టు ఖర్చు వేరు. అట్టపెట్టెలో ఆరు కాగితం ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో పది పన్నెండు గింజలు, ఫ్రీ అంటూ ఒక నైలాన్ వల, రెండు పక్కలా అచ్చేసిన చీటీ ఒకటి. ప్యాకెట్ల మీద పేర్లు ఇవీ: పందిరి చిక్కుడు, ఊదా చిక్కుడు, కనుపు చిక్కుడు, పొలం చిక్కుడు, కత్తి చిక్కుడు, రెక్కల చిక్కుడు. పెట్టె మీద మాత్రం పెద్దక్షరాలతో 'ఆరు చిక్కుడు జాతులు. అన్నీ తీగలే. ఏడాదిలో ఎప్పుడైనా నాటండి' అని ఉంది.

గింజలు బాగున్నాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేదంతా చాలావరకు ఫిర్యాదే. పుచ్చు లేదు, ముడతలు లేవు, ప్యాక్ చేసిన తేదీ ఉంది, తేమ పట్టకుండా సిలికా పొట్లం కూడా పెట్టారు. రెక్కల చిక్కుడు తప్ప మిగతావి దాదాపు అన్నీ మొలిచాయి. పెట్టె మీది ఆ మూడు ముక్కల మాటే తప్పు. ఆరూ వేర్వేరు జాతులు కావు, అన్నీ తీగలు కావు, ఎప్పుడు పడితే అప్పుడు నాటేవి అసలే కావు. ఇదేదో పుస్తకాల గొడవ అనుకోకండి. చిక్కుడులో ఏది ఏ రకమో తెలియకపోతే పందిరి వెయ్యాలో వద్దో, ఏ నెలలో నాటాలో, కాయ తినాలో గింజ తినాలో ఏదీ తేలదు.

నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. పుట్టిల్లు మదనపల్లె దగ్గర, అత్తవారిల్లు కోనసీమ, ఉంటున్నది విజయవాడలో. మా పుట్టింటి వైపు చిక్కుడంటే చేలో పండే అనపకాయ. వేరుశనగ సాళ్ళ మధ్య కందులు, అలసందలతో పాటు అనపలూ వేసేవాళ్ళు. చలికాలం వస్తే గింజలు ఒలిచి, నానబెట్టి, తోలు పితికి చేసే పితికిన పప్పు, దాంట్లోకి రాగి సంగటి. మా అత్తయ్యకు చిక్కుడంటే పెరట్లో పందిరి మీద కాసేది, ఈనెలు తీసి, తుంచి, కాయతో సహా కూర వండేది. పెళ్ళైన కొత్తలో నేను అనపగింజల పులుసు చేస్తే, 'గింజలు వండి కాయలు పారేశావేంటమ్మా' అన్నారావిడ. ఆ రెండూ ఒకే జాతి మొక్కలే. ఈ కిట్‌లో మొదటి ప్యాకెట్ మా అత్తయ్యది, నాలుగోది మా అమ్మది అనుకోవచ్చు.

జాతి సంగతి చెప్తాను. మన చిక్కుడు శాస్త్రీయ నామం లాబ్లాబ్ పర్పూరియస్. ఫాబేసీ కుటుంబం, అంటే కంది, పెసర, మినుము ఉన్న కుటుంబమే. దగ్గరి జాతులను కలిపి ఉంచే గుంపును ప్రజాతి అంటారు. లాబ్లాబ్ అనే ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. కిట్‌లోని మొదటి నాలుగు ప్యాకెట్లూ ఈ ఒక్క జాతివే. ఐదోది కానవేలియా గ్లాడియేటా, మన ఊళ్ళలో తమ్మకాయ అనేది. ఆరోది సోఫోకార్పస్ టెట్రాగొనొలోబస్. ఇవి రెండూ ఫాబేసీలోవే అయినా ప్రజాతులే వేరు. అంటే పెట్టెలో ఉన్నవి మూడు జాతులు, అందులో ఒక జాతివి నాలుగు రకాలు. చీటీలో మాత్రం ఆరింటికీ కలిపి 'డాలికస్ లాబ్లాబ్' అని ఒకటే పేరు అచ్చేశారు.

ఆ పేరు కూడా పాతదే. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ మొక్కకు డాలికస్ లాబ్లాబ్ అని పేరు పెట్టాడు. 1763లో ఇదే మొక్కకు చెందిన ఊదారంగు రకాన్ని వేరే జాతి అనుకుని డాలికస్ పర్పూరియస్ అన్నాడు. ఆ తర్వాత దీన్ని డాలికస్ నుంచి విడదీసి లాబ్లాబ్ ప్రజాతిలో పెట్టారు. అక్కడొక చిక్కు వచ్చింది. వృక్షశాస్త్ర నియమాల ప్రకారం ప్రజాతికీ జాతికీ ఒకే పేరు ఉండకూడదు, లాబ్లాబ్ లాబ్లాబ్ అనడానికి వీల్లేదు. అందుకని రెండో పేరులోని పర్పూరియస్ నిలిచింది. 1826లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ స్వీట్ ఇచ్చిన ఆ పేరే ఇప్పటికీ చెల్లుతోంది. తెల్లపూల చిక్కుడుకు కూడా శాస్త్రం ఊదారంగు పేరే ఇచ్చిందేమిటని నా విద్యార్థులు ఏటా అడిగేవాళ్ళు. కారణం ఇదే. వ్యవసాయ పుస్తకాల్లో ఇప్పటికీ డాలికస్ బీన్ అనే రాస్తారు కాబట్టి పాత పేరు వాడినందుకు నాకు కోపం లేదు. తమ్మకాయకూ రెక్కల చిక్కుడుకూ కూడా అదే పేరు తగిలించడమే కష్టంగా ఉంది.

ప్యాకెట్లు విప్పగానే గింజలు తెల్ల కాగితం మీద పోసి చూశాను. మీ దగ్గరున్న ఏ చిక్కుడు గింజనైనా ఇలా చూడొచ్చు. లాబ్లాబ్ గింజకు అంచున, కాయకు అంటుకుని ఉన్న చోట, విభూతి రేఖలా తెల్లగా, కొంచెం ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది. గింజ నల్లదైనా, గోధుమరంగుదైనా, లేత పసుపుదైనా ఆ తెల్లగీత ఉండాల్సిందే. మొదటి నాలుగు ప్యాకెట్లలో ఒక్క గింజ కూడా తప్పు పోలేదు. కత్తి చిక్కుడు గింజ బొటనవేలి గోరంత పెద్దది, ఎర్రటిది. దాని మచ్చ, అంటే కాయకు అంటుకుని ఉన్న చోటి గుర్తు, గింజ పొడవునా సాగి ఉంటుంది. దానికి దగ్గరి చుట్టం కానవేలియా ఎన్సిఫార్మిస్ గింజ తెల్లగా ఉంటుంది, మచ్చ గింజలో సగం దాకా కూడా రాదు. ప్యాకెట్‌లో వచ్చింది గ్లాడియేటాయే. ఆ విషయంలో అమ్మినవాళ్ళు నిజాయితీగానే ఉన్నారు.

పందిరి చిక్కుడుకూ అనపకూ తేడా మాత్రం గింజలో అంత తేలిగ్గా దొరకదు, కాయలో దొరుకుతుంది. కలకత్తా బొటానిక్ గార్డెన్‌కూ తర్వాత లండన్ దగ్గరి క్యూ గార్డెన్స్‌కూ అధిపతిగా చేసిన డేవిడ్ ప్రెయిన్ 19వ శతాబ్దం చివర్లో ఈ రెంటినీ రెండు రకాలుగా విడదీశాడు. పందిరిది టిపికస్, చేలోది లిగ్నోసస్. తేడా చూడాలంటే కాయను ఈనె తీసే అంచు వెంట గోటితో చీల్చండి. పందిరి చిక్కుడులో గింజలు ఈనెకు సమాంతరంగా, కాయ పొడవు వెంట పడుకుని ఉంటాయి. అనపకాయలో ఈనెకు అడ్డంగా ఉంటాయి. అడ్డంగా ఉండబట్టే అనపకాయ చిన్నదైనా గింజలు దగ్గర దగ్గరగా పడతాయి, నొక్కితే టపటపా రాలతాయి. ఒలిచే కాయకు కావలసింది అదే. వేళ్ళకు అంటుకునే జిగురు, ఆ ఘాటైన వాసన కూడా అనపకే సొంతం. కాయ తొక్కలో ఉండే నూనె వల్ల వస్తుందది. మా అమ్మ బజారులో కాయ కొనేముందు చేతిలో నలిపి వాసన చూసేది. వాసన లేని కాయ ఇంట్లోకి వచ్చేది కాదు.

ఈ పరీక్షతోనే నాలుగో ప్యాకెట్ 'పొలం చిక్కుడు' అసలైన అనప అని తేలింది. గింజలు అడ్డంగా ఉన్నాయి, చేతికి జిగురంటింది, మేడంతా ఆ వాసన. విజయవాడలో కుండీలో పెంచి ఆ వాసన పీల్చినందుకు ఈ ఒక్క ప్యాకెట్‌కే 449 రూపాయలు ఇవ్వొచ్చనిపించింది. కానీ ఇది తీగ కాదు. పొదలా పెరిగి, కొమ్మలు కొంచెం వాలతాయి, అంతే. చీటీ ప్రకారం దీనికీ ఆరడుగుల పందిరి వెయ్యాలి. వేసినవాళ్ళు పందిరి కిందే కాయ కోసుకుని ఉంటారు.

ఇక ఊదా చిక్కుడు, కనుపు చిక్కుడు. ఇవి రెండూ పందిరి చిక్కుడు రకానివే, శాస్త్రం లెక్కలో వేరే రకాలు కూడా కావు. ఊదాదానికి కాడ, ఈనె, పువ్వు, కాయ అంచు అన్నీ ఊదారంగే. ఉడికితే ఆ రంగు చాలావరకు పోతుంది, కూర మామూలు చిక్కుడు కూరలాగే ఉంటుంది. పెట్టె మీద ఫొటోలో వండిన కూర కూడా ఊదారంగులోనే చూపించారు, అది నమ్మకండి. కనుపు చిక్కుడు కనుపు కనుపుకూ గుత్తిగా కాస్తుంది, కాయ ముదిరినా తొందరగా పీచు పట్టదు. ఆరింట్లో కూరకు నాకు నచ్చింది ఇదే. చిన్న ముక్కలుగా తుంచి, ఉల్లిపాయ, కొబ్బరి కారం వేసి వేయించాను. మా అత్తయ్య మళ్ళీ వడ్డించుకున్నారు.

శాస్త్రవేత్తల్లో కూడా ఈ విభజన మీద ఒకే మాట లేదు. క్యూకే చెందిన బెర్నార్డ్ వెర్డ్‌కోర్ట్ 1970లో ఈ జాతిని మూడు ఉపజాతులుగా చూశాడు. ఆఫ్రికాలో అడవిలో పెరిగే చిన్నకాయల అన్సినేటస్, కొడవలిలా వంగిన వెడల్పు కాయల పర్పూరియస్, సన్నగా పొడుగ్గా కాసే బెంగాలెన్సిస్. ప్రెయిన్ చూసింది గింజ ఎటు పడుకుందో, మొక్క ఎలా నిలబడిందో. వెర్డ్‌కోర్ట్ చూసింది కాయ ఆకారం. మేడ మీద పెంచుకునేవాళ్ళకు మొదటిదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే పందిరి అవసరమా కాదా అన్నది దాంట్లోనే తేలుతుంది. ఈ మొక్క అడవి బంధువులు ఆఫ్రికాలో ఉన్నా మన దక్షిణాదిలో దీని సాగు చాలా పాతది. కర్ణాటకలో హల్లూరు పురావస్తు తవ్వకాల్లో కూడా చిక్కుడు గింజలు దొరికాయి. అందుకే పెట్టె మీద 'దేశీ' అన్న మాటకు నాకు అభ్యంతరం లేదు.

అసలు బాధ నాటే కాలం దగ్గర. సంప్రదాయ చిక్కుడు రకాలు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉన్నప్పుడే పూస్తాయి. మన అక్షాంశంలో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడాను ఆకు పసిగట్టి పూతకు రమ్మని మొక్కకు చెబుతుంది. జూలైలో వేస్తే పందిరంతా అల్లుకునేసరికి పగళ్ళు తగ్గుతాయి, చలి మొదలవగానే పూత, సంక్రాంతికి కాపు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పాయసం పెట్టే మన ఆనవాయితీ కూడా ఈ కాలానికే సరిపోయింది. మాఘంలో పందిరి నిండుగా ఉంటుంది మరి. మా అత్తయ్య కాయలకు చీపురుపుల్లలు గుచ్చి చక్రాలు, గొడుగు సహా రథం కడతారు. ఈసారి ఊదాకాయలూ ఆకుపచ్చవీ కలిపి కట్టారు, బ్రహ్మాండంగా కుదిరింది.

మా అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తు అమ్మాయి చీటీ నమ్మి ఇదే కిట్‌ను ఫిబ్రవరిలో నాటింది. మొక్కలు దివ్యంగా పెరిగాయి. గ్రిల్లు, ఏసీ పైపులు, పక్కవాళ్ళ కిటికీ అన్నీ అల్లుకున్నాయి, పువ్వు మాత్రం లేదు. నా చేతిలో ఏదో లోపముంది ఆంటీ అని మేలో పాపం కన్నీళ్ళు పెట్టుకుంది. ఎరువు మార్చింది, ఏవేవో స్ప్రేలు కొంది, ఇంట్లో దాని మీద పెద్ద టెన్షన్. లోపమంతా చీటీలో ఉంది. తీగలు కత్తిరించి ఉంచమ్మా, అక్టోబరు దాటాక చూడు అన్నాను. అలాగే పూశాయి. ఎండాకాలంలో కూడా కాయ కావాలంటే పగటి పొడవుతో పని లేకుండా పూసే పొట్టి రకాలు వేరే ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే, వాటికి పందిరి కూడా అక్కర్లేదు. అవి కావాలంటే అవే అడిగి కొనాలి, ఈ కిట్‌లో లేవు.

వల గురించి ఒక మాట. చిక్కుడుకు దొండ, బీర తీగల్లా నులితీగలు ఉండవు. కాండమే ఆసరా చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతుంది. నులితీగల మొక్కకు వల హాయి, ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటుంది. చిక్కుడు కొస మాత్రం వల గళ్ళలో అటూ ఇటూ దూరి ముద్దవుతుంది, కాయ కోసేటప్పుడు తీగ తెగుతుంది. నేను వల తీసేసి నిలువుగా కొబ్బరి తాళ్ళు కట్టాను. ఒక్కో పాదుకు రెండు తాళ్ళు, పైన వెదురు కర్రల పందిరి. తాడు అంది అందకముందే కొస దాన్ని చుట్టేసుకుంది. ఆ వల ఇప్పుడు మా బీరపాదుకు ఉంది, వృథా పోలేదు.

పూలు వచ్చాక పొద్దున్నే ఒక పువ్వు కోసి చూడండి. ధ్వజం అనే పెద్ద రేకు, బాహువులు అనే పక్క రేకులు తీసేస్తే లోపల పడవలాంటి ద్రోణి ఉంటుంది. లాబ్లాబ్‌లో అది మోచేయి వంచినట్టు అడ్డంగా తిరుగుతుంది. మనం బజారులో బీన్స్ అనేదాని పువ్వులో ద్రోణి స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి క్లాసులో సూదితో విప్పి చూపించిన తేడా ఇది, మేడ మీద చూస్తే ఇప్పటికీ అంతే సంతోషం. పొద్దున్నే నల్ల తుమ్మెదలు వచ్చి ఆ ద్రోణిని నొక్కి తేనె తాగుతాయి. చిక్కుడులో ఎక్కువగా స్వపరాగ సంపర్కమే జరుగుతుంది కానీ ఈ తుమ్మెదల వల్ల రకాల మధ్య పుప్పొడి కొంత కలగలవక తప్పదు. విత్తనం దాచుకోవాలనుకుంటే ఊదాదాన్నీ కనుపుదాన్నీ ఒకే పందిరికి ఎక్కించకండి. 'విత్తనాలు దాచుకోండి' అని చీటీలో రాశారు గానీ ఈ జాగ్రత్త చెప్పలేదు. పేనుబంక సంగతి కూడా లేదు. డిసెంబరులో పూగుత్తులకు నల్లగా పట్టింది, నీళ్ళు గట్టిగా కొట్టి, వేపనూనె చల్లితే సర్దుకుంది.

రెక్కల చిక్కుడు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెంకు గట్టిది, గోరుకత్తెర రేకుతో కొద్దిగా గీసి రాత్రంతా నానబెడితే గానీ మొలవలేదు. నాలుగంచుల కాయ చూడ్డానికి బాగుంది, లేతగా ఉన్నప్పుడు పప్పులో వేశాను.

చివరిది, నాకు నిజంగా కోపం తెప్పించినది. చీటీ వెనక పక్క వంటల్లో 'అన్ని రకాల ఎండు గింజలనూ మొలకెత్తించి సలాడ్‌లో పచ్చిగా తినవచ్చు' అని ఉంది. దయచేసి అలా తినొద్దు. ఎండు చిక్కుడు గింజల్లో, ముఖ్యంగా ముదురు రంగువాటిలో, సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా ఉడికించాకే తినాలి. మన ఇళ్ళలో చేసే పద్ధతి కూడా అదే. తమ్మకాయ సంగతైతే ఇంకా జాగ్రత్త. లేతకాయ కూరకు పనికొస్తుంది గానీ ముదిరిన ఎర్రగింజల జోలికి పోకపోవడమే మంచిది. పెసల్లాగా మొలకలు కట్టుకు తినే గింజలు కావివి. ఈ విషయం చెబుదామని అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. ఫోనెత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కానీ 'అన్నీ చిక్కుళ్ళే కదా మేడమ్' అన్నాడు. వివరంగా మెయిల్ రాశాను, చీటీ ఫొటో కూడా పెట్టాను. కొత్త పెట్టెల్లో మార్చారో లేదో చూడాలి.

విత్తనానికి అయిదుకు అయిదు, ప్యాకింగ్‌కు నాలుగు, చీటీకి ఒకటి కూడా ఎక్కువే. మొత్తం మీద మూడు ఇస్తున్నాను. ప్రతి ప్యాకెట్ మీద జాతి పేరు, తీగో పొదో, నాటే నెల, తినాల్సింది కాయో గింజో రాసిన రోజున సంతోషంగా అయిదు చేస్తాను. కనుపు చిక్కుడు, అనప ప్యాకెట్లు విడిగా అమ్మితే మళ్ళీ కొంటాను.

ఇప్పటికే కొన్నవాళ్ళు చీటీ పక్కన పెట్టేయండి. మొదటి మూడు ప్యాకెట్లూ జూలైలో నిలువు తాళ్ళకు ఎక్కించండి. నాలుగోది ఆగస్టులో పందిరి లేకుండా పెద్ద కుండీలో వేయండి. కత్తి చిక్కుడు ఎర్రగింజలు మాత్రం నాటేదాకా చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి.